కూర్మన్నపాలెంలో విమానాన్ని తూచిన రోజు

ఈ ప్రయాణానికి కారణం ఒక టార్పాలిన్. పోయిన వానాకాలం ముందు, కంచరపాలెంలో ఉండే మా అక్క తన మేడమీద గదికి టార్పాలిన్ పరదా కుట్టించాలని నన్ను వెంటబెట్టుకుని విశాఖ పూర్ణా మార్కెట్ సందుల్లోకి తీసుకెళ్లింది. ఖాసిం భాయ్ అనే ఆయన దుకాణంలో జీపు టాపులకీ సీటు కవర్లకీ మధ్య, నా ఎత్తున, నున్నగా తెల్లగా ఒక వస్తువు పైకప్పుకు వేలాడుతోంది. ఏమిటని అడిగాను. "ఇమానం తోక" అన్నాడాయన, పళ్ల మధ్య దారం తీయకుండానే. నేను తునిలో హైస్కూలు లెక్కల టీచర్ని. పిల్లల అబద్ధాలు ఇరవై ఏళ్లుగా వింటున్నదాన్ని కనుక ఇదీ ఆ బాపతే అనుకుని "ఎగురుతుందా మరి?" అన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. కూర్మన్నపాలెంలో తన స్నేహితుడు ఏడేళ్లుగా ఇంటి వెనక షెడ్డులో ఇద్దరు కూర్చునే చిన్న విమానం కడుతున్నాడనీ, దాని రెక్కలకీ తోకకీ గుడ్డ తొడిగేది తనేననీ చెప్పి, "తూసే రోజున ఫోన్ సేత్తాను. మీరే ఒచ్చి లెక్క కట్టండి టీచరమ్మా" అని నా నంబరు రాసుకున్నాడు.

ఆరు నెలల తర్వాత నిజంగానే ఫోన్ చేశాడు. విమానాల మీద నాకు ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. నేను ఇంతవరకూ ఎక్కనే లేదు. కానీ సవాలు చేసిన మనిషి మాట నిలబెట్టుకుంటే మనం ఇంట్లో కూర్చోవడం బాగుండదు.

తునిలో తెల్లవారుజామున ఐదుంబావుకు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఏడు దాటేసరికి విశాఖలో దిగాను. జనరల్ టికెట్ వంద రూపాయల లోపే. నేరుగా కూర్మన్నపాలెం వెళ్లేవాళ్లు విశాఖ దాకా రానక్కర్లేదు, ముందే దువ్వాడలో దిగిపోవచ్చు. నేను ఖాసిం భాయ్‌ని కలుపుకోవాలి కాబట్టి స్టేషన్ నుంచి ఎనభై రూపాయలకు ఆటో మాట్లాడుకుని పూర్ణా మార్కెట్‌కి వెళ్లాను. మార్కెట్ పక్క సందులో బండి మీద ఇడ్లీలోకి బొంబాయి చట్నీ వేసి ఇచ్చారు. రెండోసారి చట్నీ అడిగితే బండాయన "ఇడ్లీ ఏసుకోండమ్మా, ఉత్త సెట్నీకి నాను బండెట్టలేదు" అన్నాడు. సిగ్గుపడి ఇంకో రెండు ఇడ్లీలు వేయించుకున్నాను.

ఎనిమిదింటికి సిటీ బస్సు దొరికింది. గాజువాక మీదుగా కూర్మన్నపాలెం జంక్షన్‌కి గంట పైనే పట్టింది. ఖాసిం భాయ్ ఒళ్లో పెద్ద మూట ఉంది. అందులో పెద్ద కత్తెర, ఇస్త్రీ పెట్టె, మైనం పట్టించిన దారం ఉండలు, మిగిలిన గుడ్డ. కండక్టరు దాన్ని వేలితో పొడిచి, "భాయ్, పరుపుకి లగేజీ కొట్టాల" అన్నాడు. "పరుపు కాదు బావా, రెక్క గుడ్డ." "ఏ కోడిదేటి?" అని కండక్టరు టికెట్టు కొట్టకుండానే ముందుకు వెళ్లిపోయాడు. బస్సంతా నవ్వింది. ఖాసిం భాయ్ మాత్రం కిటికీ బయటకు చూస్తూ, తోక ఒక్కదానికే రెండు నెలలు పట్టిందని, రెండంగుళాలకో ముడి వేశాననీ నాకు చెప్పుకుంటూ వచ్చాడు. దాన్ని ఎవరైనా పొగిడితే బాగుండునని ఆయనకు ఉంది. నేను పొగిడాను.

విమానం యజమాని పేరు సామ్యూల్ గారు. అరవై నాలుగేళ్లు. ఉక్కు కర్మాగారంలో ఫిట్టరుగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన భార్య గ్రేసమ్మ గారు. విదేశం నుంచి విమానం నక్షాలు తెప్పించుకున్న రోజునే ఆవిడ ఒక షరతు పెట్టారట: రెండు సీట్లు ఉంటేనే షెడ్డు ఇస్తానని. అప్పటికి ఆ షెడ్డులో ఆవిడ కోళ్లు పెంచుకునేవారు. ఆ తర్వాత ఏడేళ్లూ ఆయన ప్రతి ఉక్కు గొట్టం కోస్తుంటే రెండో కొస పట్టుకున్నది ఆవిడే. ఆ మాట నాకు చెప్పింది ఆయన. ఆవిడ వంటింట్లోంచి "మిల్లీమీటరు తేడా ఒచ్చినా నన్నే అనీవోరు" అన్నారు.

ఇంట్లో రెక్కలు బిగించే చోటు లేదు. గాలి తగిలితే కాటా నిలవదు కాబట్టి బయట తూచడానికీ లేదు. అందుకని వాళ్లు వెళ్లే చర్చి వారి హాలు సాయంత్రం నాలుగు దాకా అడిగి తీసుకున్నారు. ముందు రోజే విమానాన్ని విడదీసి తీసుకెళ్లి అక్కడ కలిపారు. నేను వెళ్లేసరికి ప్లాస్టిక్ కుర్చీలన్నీ గోడవారకు జరిపి, ఫ్యాన్లు ఆపేసి, తలుపులు మూసి, ఆ హాలు మధ్యలో విమానం నిలబడి ఉంది. తెల్ల రెక్కలు, ఎర్ర ముక్కు. ఒక చేత్తో ఊపితే కదిలిపోయేంత చిన్నది. వెటకారం చేద్దామని వచ్చినదాన్ని, గుమ్మంలోనే చెప్పులు విప్పేశాను. ఎందుకు విప్పానో నాకే తెలియదు.

దాని కింద పెట్టిన మూడు కాటాలూ ఫిషింగ్ హార్బర్‌లో చేపలు తూచేవి. ఎంత కడిగినా వాసన పోలేదు. ముందు రెండు చక్రాల కింద రెండు, తోక చక్రం కింద ఒక స్టూలు వేసి దాని మీద మూడోది. సామ్యూల్ గారు రసమట్టం పెట్టి విమానం సమంగా ఉందో లేదో చూశారు. గ్రేసమ్మ గారు రెక్క మీద చెయ్యి వేసి చిన్న ప్రార్థన చేశారు. ఖాసిం భాయ్ బిస్మిల్లా అన్నాడు. నాకు సుద్దముక్క ఇచ్చి, నేల మీద లెక్క రాయమన్నారు.

ముందు చక్రాలు నూట ఇరవై తొమ్మిది చొప్పున, కొన్ని గ్రాములు అటూ ఇటూ. తోక ఇరవై ఐదున్నర. మొత్తం రెండు వందల ఎనభై నాలుగు కిలోలు. ఇలాంటి విమానం మనుషులతో, పెట్రోలుతో కలిపి నాలుగు వందల యాభై దాటకూడదు. సామ్యూల్ గారు డెబ్బై నాలుగు, పెట్రోలు ముప్పై, గ్రేసమ్మ గారు అరవై. అన్నీ కలిపితే నాలుగు వందల నలభై ఎనిమిది. "రెండు కిలోలు మిగిలాయి" అన్నాను. "అయితే గొడుగు తెచ్చుకుంతాను" అన్నారు గ్రేసమ్మ గారు.

సామ్యూల్ గారు నవ్వలేదు. ఆయన తోక కాటా వైపే చూస్తున్నారు. అక్కడ ఇరవై ఒకటిన్నర రావాలి. నన్ను ఇంకో లెక్క వేయమన్నారు. బరువంతా ఒక చోట నిలిచే బిందువు కనుక్కునే లెక్క. తొమ్మిదో తరగతి పిల్లలు కూడా చేయగలిగేదే. రెండుసార్లు చేశాను. ఆ బిందువు ఉండాల్సిన చోటుకన్నా ఐదు సెంటీమీటర్లు వెనక్కి వచ్చింది.

"తోక బరువైపోనాది" అన్నారాయన. "అలగుంటే ముక్కు పైకి లేచిపోద్ది టీచరమ్మా. లేచింది మరి దిగదు."

నాలుగు కిలోలు ఎక్కడివి? గొట్టాలన్నీ నక్షాల ప్రకారమే ఉన్నాయి. ఆయన జేబులోంచి చిన్న చాకు తీసి తోక అంచున రంగు మీద గీశారు. తెల్ల రంగు కింద ఇంకో తెల్ల రంగు, దాని కింద ఇంకోటి.

ముందు ఆయనే ఒప్పుకున్నారు. "తోక గొట్టాలకి రెడ్ ఆక్సైడు ఒక కోటింగు సాలు. నాను మూడేసినాను. ఈ సముద్రపు గాలికి ప్లాంటులో గర్డర్లే తుప్పట్టిపోయీవి, ఇవేటి ఆగుతాయని."

గ్రేసమ్మ గారు చీర కొంగు సర్దుకున్నారు. "వానలకి ముందూ ఎనకా కిటికీ ఊసలకి రంగేత్తాను కదా. మిగిలిపోయిన రంగు దీనికీ రాసీదాన్ని. మీరు ఊర్లో లేనప్పుడు. రెండు సార్లే."

నేను ఖాసిం భాయ్ వైపు చూశాను. ఆయన కత్తెర వైపు చూస్తున్నాడు. "గుడ్డకి బూజు పడుద్దేమోనని... నాను కూడా ఒక పూత రంగు ఎక్కువేసినాను బావా. కాదు, రెండు."

నాకు నవ్వొచ్చింది. విశాఖలో ఎవరి ఇంటి గేటు చూసినా అంతే, రంగు మీద రంగు. ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు, తుప్పు పట్టకూడదని, దాన్ని అంత జాగ్రత్తగా కాపాడారు. నవ్వబోయి ఆగాను, ఎందుకంటే సామ్యూల్ గారు సుద్దముక్క తీసుకుని నా లెక్క కిందే ఇంకో అంకె వేస్తున్నారు.

తోక బరువు సరిచేయాలంటే రెండు దారులు. ఒకటి, ముక్కులో సీసపు దిమ్మ పెట్టడం. ఒక్క పూట పని. ఆ బిందువుకు తోక చాలా దూరంలో, ముక్కు దగ్గరలో ఉంటుంది కనుక తోకలో నాలుగు కిలోలకు ముక్కులో పద్నాలుగు కిలోలు కావాలి. అప్పుడు మొత్తం నాలుగు వందల అరవై రెండు. అంటే గ్రేసమ్మ గారి సీటు ఖాళీ. రెండోది, గుడ్డ కోసేసి, రంగంతా గీకి, మళ్లీ గుడ్డ తెప్పించి తొడగడం. ఐదారు నెలలు. కానీ సామ్యూల్ గారి పైలట్ లైసెన్సుకు కావలసిన వైద్య పరీక్ష సర్టిఫికెట్టుకి ఉన్న గడువు మూడు నెలలే. ఆయనకు షుగరు. పోయినసారే డాక్టరు గొణిగాడట. మళ్లీ పరీక్షకు వెళ్తే ఇస్తారో లేదో ఎవరూ చెప్పలేరు. ఇవ్వకపోతే ఆయన జన్మలో ఈ విమానం నడపలేరు.

పన్నెండున్నర అయింది. ఎవరూ తేల్చలేదు. గ్రేసమ్మ గారు ఇంటినుంచి కోనాం చేప పులుసు, అన్నం క్యారేజీల్లో తెచ్చి ఉంచారు. అక్కడే నేల మీద కూర్చుని తిన్నాం. చేప అంత బాగా వండిన ఇల్లు నేను ఈ మధ్య చూడలేదు. చేతులు కడుక్కునేటప్పుడు ఆవిడ అన్నారు: "సీసం పెట్టీండి. మీరు ఎగరండి. నాను కిందనుంచి సూత్తాను. నాకేటి బాధ లేదు." గొంతు మామూలుగానే ఉంది. కానీ చేతులు కడుక్కోవడం అయిపోయినా కుళాయి కట్టలేదు.

ఖాసిం భాయ్ లేచి తోక దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు. "సెల్లెమ్మా, గుడ్డదేముంది, నాను మళ్లీ కుట్టెత్తాను" అన్నాడు. రెండు నెలల పని అది. పొద్దున బస్సులో నాకు ముడులు లెక్కచెప్పిన మనిషి.

"ఒద్దన్నయ్యా. సర్టిఫికెట్టు పోతే మరి రాదు" అన్నారు ఆవిడ.

సామ్యూల్ గారు కుళాయి కట్టేసి వచ్చారు. "కొయ్ బావా" అన్నారు. తర్వాత భార్యతో, విసుక్కుంటున్నట్టే, "నాను ఒక్కణ్ణే పైకెళ్లి ఏటి సేత్తాను గ్రేసా? అక్కడ ఎవల్తో మాటాడాల?" అన్నారు.

గ్రేసమ్మ గారు చీపురు వెతుక్కుంటూ హాలు ఆ చివరికి వెళ్లి, చాలాసేపు అక్కడే ఉండిపోయారు. ఖాసిం భాయ్ కత్తెర మొన గుడ్డలోకి దించాడు. బిగువుగా ఉన్న గుడ్డ టప్ మని చప్పుడు చేసింది. నాకు కళ్లు చెమర్చాయి. దాచుకోలేదు.

నాలుగింటికి హాలు ఖాళీ చేయాలి. చర్చివాళ్లు ఇద్దరు సాయం వచ్చి రెక్కలు విప్పితే అన్నీ మళ్లీ షెడ్డుకు చేరాయి. అప్పుడు నాకూ ఒక గరుకు కాగితం ఇచ్చారు. గొట్టం మీద ఎర్రరంగు రుద్దడం తేలికనుకున్నాను. గంటన్నరకు నా వాటా జానెడు వచ్చింది. గ్రేసమ్మ గారు పక్కనే రుద్దుతూ నా పని వంక చూసి, "టీచరమ్మా, పిల్లల చేత ఇలగే సేయిత్తారా?" అన్నారు. ఆవిడ అలా వెక్కిరించడం నాకు హాయిగా అనిపించింది. ఆరింటికి ఆటోలో దువ్వాడ స్టేషన్‌కి వచ్చాను, ఒక్కదాన్నే కనుక నూట ఇరవై అడిగాడు, ఇచ్చేశాను. తొమ్మిదికి ముందే తునిలో ఉన్నాను. గోళ్లలో ఎర్రరంగు రెండు రోజులు పోలేదు.

ఆ విమానం ఎగురుతుందో లేదో నేను చెప్పలేను. విశాఖ మీద ఎగిరే వీలు ఎలాగూ లేదు. అనుమతులు రావాలి, లారీలో ఎక్కడో దూరంగా ఉన్న రన్‌వేకి తీసుకెళ్లాలి, అన్నిటికన్నా ముందు ఆ డాక్టరు సంతకం పెట్టాలి. క్లాసులో నేను ప్రతి లెక్కకీ ఒక జవాబు ఉంటుందని చెబుతాను. ఆ రోజు నా లెక్క తప్పలేదు, సీసం పెట్టడమే తెలివైన పని, అడిగితే నేనూ అదే చెప్పేదాన్ని. అడగనందుకు ఇప్పుడు సంతోషంగా ఉంది. నేను చూసిన మొగుడూపెళ్లాలందరిలో వీళ్లంటే నాకు ఇష్టం కలిగింది, అంతే.

వెళ్లాలనుకునేవారికి ఒక సలహా. శనివారం వెళ్లండి, పాత బట్టలు వేసుకోండి, చూసి పోతామంటే కుదరదు. వెళ్లగానే గరుకు కాగితం ఇస్తారు. సాయంత్రం రాల్చిన రంగుపొడినీ కోసిన గుడ్డనీ చేపల కాటా మీద పోసి, మళ్లీ తొడిగే గుడ్డ బరువు తీసేసి గోడ మీద రాస్తారు. నేను వచ్చేసేటప్పటికి ఆరు వందల గ్రాములు రాశారు. గ్రేసమ్మ గారు ఎక్కాలంటే ఇంకో మూడు కిలోల నాలుగు వందల గ్రాములు తగ్గాలి.