బీట పడని ముఖం

అమ్మవారి గుడికి పూలు కట్టిచ్చే అక్కే మొదట ఆ మాట మోసుకొచ్చింది. ప్రొద్దుటూరులో మా వాకిట్లో బుట్ట దించకుండానే, "ఏమ్మే, గర్భగుడికి నువ్వు చేసిచ్చిన తెరను పూజారి చుట్టి పక్కన పెట్టినాడు. అమ్మ మొగం మింద బీటలుండాయంట. దసరాకు పాత తెరే కడతామంటాండాడు" అనింది.

గుడ్డ మీద మైనం పూసి రంగులో ముంచే బాతిక్ పని నాది. మైనం ఉన్నచోట రంగు అంటదు. మైనం పగిలినచోట రంగు సన్నని గీతలై లోపలికి దిగుతుంది. పులివెందులలో నా చీరలు కొనేవాళ్లకు ఆ గీతలే ఇష్టం. ఆ అలవాటుతో తెర మీద అమ్మవారి ముఖానికీ అదే మైనం పూశాను. పగిలిన విగ్రహానికి పూజ చేయరని తెలిసీ, గుడ్డ మీది బొమ్మకూ అదే నియమమని తోచలేదు.

మరునాడే గుడినుంచి తెర తీసుకుని జమ్మలమడుగులో ఉన్న మా మేనత్త దగ్గరికి పోయాను. బడికి పోని నాకు ఇంట్లోనే అక్షరాలూ ఈ పనీ నేర్పింది ఆమే. తెల్లగుడ్డ మీద మైనంతో 'అ' రాయించేది. ఏమీ కనబడేది కాదు. నీలిరంగులో ముంచి తీస్తే అక్షరం తెల్లగా తేలేది. "కనపడలేదని ల్యాదనుకోవద్దు" అనేది. నా భక్తి అంతా ఆ మాట మీదే నిలబడింది.

అత్త తెరను ఒళ్లో పరుచుకుని వేలితో తడిమింది.

"కొవ్వొత్తి మైనం కలిపినావా?"

"కలిపినా అత్తా. గీతలు బాగా పడతాయని."

"అమ్మవారిని అంగట్లో బేరం పెడతాండావేమే కోడలా?" అని నవ్వింది. "మొగానికి ఉత్త తేనెమైనం పుయ్యి. మెత్తంది, పగలదు. కాళ్ల కింద నేలను నీ ఇష్టమొచ్చినట్ల పగలగొట్టుకో."

దేవుని గూట్లో దాచుకున్న తేనెమైనం ముద్ద తీసి నా కొంగులో కట్టింది.

కొత్త గుడ్డ మీద మళ్లీ మొదటినుంచి గీశాను. ముఖానికి అత్త మైనం, కాళ్ల కింది నేలకు నా పెళుసు మైనం. ముఖం ముడత పడకుండా పూలక్క ఒక కొస, నేనొక కొస పట్టుకుని ఎర్రరంగు తొట్టిలో దించాం. "పసిబిడ్డకు నీళ్లు పోసినట్లుందే!" అని పూలక్క నవ్వింది. వేడినీళ్లలో మైనం వదిలించి ఆరేస్తే, ముఖం నిండుగా ఉంది. కింద నేల మాత్రం నీళ్లు తగ్గిన మైలవరం జలాశయం అడుగులా బీటలు వారింది.

పూజారి తెరను కళ్లదగ్గర పెట్టుకుని చూశాడు. "బీటలన్నీ అమ్మ కాళ్ల కిందికి తోసినావే పాపా! శానా బాగుండాది. కట్టండప్పా!"

దసరా మొదటిరోజు, తెర తీయకముందే జనం తెరకే చేతులు జోడించారు. హారతి వేళ తెర తీయగానే ఒక అవ్వ పూజారి మీదికి లేచింది. "అప్పుడే తీసినావేందప్పా, నేనింకా మొక్కుకోనేల్యా!"

పండగకు వచ్చి పక్కనే ఉన్న అత్త నా చేయి గట్టిగా పట్టుకుంది. అంత భాగ్యం ఇచ్చిన అమ్మవారికి ఎన్ని దండాలు పెట్టినా చాలవు.

అత్త ఇప్పుడు లేదు. మీ ఊరి గుడిలో తెర వేసి ఉన్న ఆ కాసేపు, ఆమెను ఒక్కసారి తలుచుకోండి.