మామయ్యకు నేను వేసిన ఓటు

మొన్న ఆదివారం పొద్దున, వైట్‌ఫీల్డ్‌లో మా పై అంతస్తులో ఉండే హైస్కూలు పంతులమ్మ ఒక దరఖాస్తు పట్టుకొని వచ్చి, "ఆంటీ, నాకు ఆల్రెడీ ఓటర్ ఐడీ ఉంది కదా, మళ్లీ ఈ టీచర్స్ ఓటు ఏంటి?" అని అడిగేసరికి కాఫీ పక్కన పెట్టేసి పాఠం మొదలుపెట్టాను. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, అడిగితే ఊరుకుంటానా? కర్ణాటకలో విధాన పరిషత్తు అనే పెద్దల సభ ఒకటుందని, దాని డెబ్బైఐదు మందిలో పాతికమందిని ఎమ్మెల్యేలు, పాతికమందిని పంచాయతీలు, మునిసిపాలిటీల సభ్యులు ఎన్నుకుంటారని, ఏడుగురిని పట్టభద్రులు, ఏడుగురిని మాబోటి ఉపాధ్యాయులు పంపుతారని, మిగిలిన పదకొండుగురిని గవర్నరు నియమిస్తారని, ఆ సభ ఎన్నడూ రద్దు కాదని, ఆరేళ్ల గడువుతో రెండేళ్లకొకసారి మూడో వంతు మంది దిగిపోతుంటారని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆ అమ్మాయి బుద్ధిగా విని వెళ్లిపోయింది గానీ, నాకు మాత్రం రోజంతా మామయ్యే కళ్లముందు మెదిలాడు.

మావాళ్లు ఏనాడో ఈ ఊరు వచ్చి చిక్కపేటలో స్థిరపడి బట్టల వ్యాపారం చేసుకున్నవాళ్లు. అందరిలో మా అమ్మ తమ్ముడొక్కడే బడిపంతులై, హెడ్మాస్టరై, అక్కనూ నన్నూ తన ఇంట్లోనే ఉంచుకొని చదివించి పంతులమ్మలను చేశాడు. అక్క కాన్పు సెలవు పెట్టి, బిడ్డను ఎత్తుకొని తన ప్రైవేటు హైస్కూలుకు తిరిగి వెళ్లేసరికి, ఆమె కుర్చీలో మరొకామె కూర్చొని ఉంది. ఆ రోజుల్లో ఇలాంటివి ఎన్ని జరిగేవో మన తరం ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు. దీన్ని సభలో లేచి నిలదీసే మనిషి కావాలని, ఏ పార్టీ అండా లేకుండా, మామయ్య ఉపాధ్యాయుల స్థానానికి నిలబడ్డాడు.

ఆ ఓటు తీరే వేరు. ముద్ర కొట్టడం ఉండదు. నచ్చినవారి పేరు పక్కన ఒకటి, ఆ తరువాతివారికి రెండు, మూడు అని అంకెలు వేయాలి. టిక్కు పెట్టినా, వేసినవారెవరో తెలిసే గుర్తు ఏది ఉన్నా ఓటు చెల్లదు. కాగితం కనబడితే చాలు చెయ్యి దానంతటదే టిక్కు పెట్టే జాతి మాది కనుక, ఈ తప్పు మాకంటే బాగా ఎవరూ చేయలేరు. అందుకని అందరికీ నేర్పే పని మామయ్య నాకు అప్పగించాడు. నేను పనిచేసే కె.ఆర్.పురం మొదలుకొని చిక్కపేట దాకా, సాయంత్రం పూట బస్సులెక్కి దిగుతూ, బడిబడికీ వెళ్లి, నల్లబల్ల మీద ఓటు కాగితం గీసి, నాకంటే పెద్దవాళ్ల చేత కూడా అంకెలు దిద్దించాను. తప్పు రాసిన వారిని మొహమాటం లేకుండా మళ్లీ రాయమనేదాన్ని.

ఓటింగు రోజు పొద్దున అర్ధసంవత్సర పరీక్షల పేపర్లు ఒక కట్ట దిద్ది, ఆ చేత్తోనే వెళ్లాను. మామయ్య పేరు పక్కన చక్కగా ఒకటి వేసి, మడిచి, పెట్టెలో వేసి, గేటు దాకా వచ్చాక గాని నా చెయ్యి చేసిన నిర్వాకం గుర్తుకు రాలేదు. మార్కులకు చుట్టినట్టే ఆ ఒకటి చుట్టూ సున్నా చుట్టి, కింద నా పొడి అక్షరాలు గిలికాను. ఊరందరికీ పాఠం చెప్పినదాన్ని, ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయాను.

లెక్కింపులో అందరికంటే తక్కువ వచ్చినవారిని ఒక్కొక్కరినే తప్పిస్తూ, వారి ఓట్లను తరువాతి అంకె ఉన్నవారికి పంచుతారు. అలా చివరి దాకా నిలిచి, కొద్ది ఓట్ల తేడాతో మామయ్య ఓడిపోయాడు. ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చొని, నన్ను పిలిచి మెల్లగా అన్నాడు: "నీ అక్షరాలు నాకు తెలీకుండా ఉంటాయా అమ్మీ? లెక్కేసే కాడ నీ కాగితం చూసి, పెన్ను జారిందేమోలే అని ఆఫీసరు సరే అనేసినాడు. ఇవి ఎవురివో పేరు అక్షరాలప్పా, చెల్లదని నేనే చెప్పినా."

ఎందుకు చెప్పావని ఏడ్చాను.

"ఆ సభకు పోయి రూలు అడగాలనుకునేవాణ్ణి, గడప బయటే రూలు మింగేస్తే ఎట్లా?" అన్నాడు. మరునాడు ఎప్పటిలాగే మొదటి పీరియడుకు వెళ్లాడు.

నా ఒక్క ఓటుతో ఆయన గెలిచేవాడు కాదు. లెక్కల పంతులమ్మను, ఎన్నోసార్లు లెక్కవేసి చూసుకున్నాను. అయినా అక్కకు ఆ కుర్చీ తిరిగి రాలేదు, ఆమె తరఫున సభలో లేచిన గొంతూ లేదు. ఇప్పుడు ఈ స్థానాలకూ పార్టీలే మనుషులను నిలబెడుతున్నాయి, ఓటడిగేవారి గొంతు ఫోనులో రికార్డయి వస్తోంది, అడిగిన మనిషి ముఖం మాత్రం కనబడదు. ఆ తరువాత రిటైరయ్యే దాకా ప్రతి ఎన్నికలోనూ లక్షణంగా, ఒక్క గీత తప్పకుండా ఓటు వేశాను, అన్నీ చెల్లి ఉంటాయి. వాటిలో ఎవరికి వేశానో చాలావరకు మరిచిపోయాను గాని, మనసారా వేసినది ఒక్కటే, చెల్లనిదీ అదొక్కటే.