తోలు కోటుకి అస్తరు

రాజోలు కాలవ లాకుల పక్కన రెండు గదుల పెంకుటింట్లో ఉండేది మాణిక్యం కుట్టుమిషను. ఆమె భర్త పేతురు ఆ లాకుల దగ్గరే లస్కరు. నీళ్లు వదలమంటే వదిలేవాడు, ఆపమంటే ఆపేవాడు. ఇంట్లో కూడా ఆయన పద్ధతి అంతే. మాణిక్యం అలాంటిది కాదు. నరసాపురం హాస్టల్లో ఉండగా కుట్టు నేర్చుకుంది. మాటకి మాట అప్పజెప్పడం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. ఊళ్లో ఆమె చేత జాకెట్టు కుట్టించుకోని ఆడది లేదు, ఆమె చేత మాట పడని మనిషీ లేడు.

ఎనభై మూడు నవంబరులో ఒకరోజు పొద్దున్నే ఆ ఇంటి ముందు జీపు ఆగింది. తాటిపాకలో చమురు పనులకి జీపులు అద్దెకి తిప్పే నరసింహమూర్తి దిగాడు. చేతిలో గోధుమరంగు తోలు కోటు. ఉద్యోగం మారి వెళ్లిపోతున్న ఒక పంజాబీ ఆఫీసరు దగ్గర కొన్నాడట.

"ఏమ్మా మాణిక్యం, ఇదీ జాకెట్టే. అంటే నువ్వు కుట్టే జాకెట్టు కాదనుకో" అని తన మాటకి తనే నవ్వాడు.

"నవ్వడం అయ్యేక చెప్పండి, ఏం కావాలో" అంది మాణిక్యం, మిషను ఆపకుండా.

"లోపల గుడ్డ చినిగిపోయింది. మార్చాలి. బజార్లో దర్జీలు ముగ్గురూ మా వల్ల కాదన్నారు. నీ వల్ల మాత్రం ఏమవుద్దిలే గాని, దార్లో ఉంది కదా అని ఆగేను."

ఆ ముక్క వినే ఆమె కోటు అందుకుంది. పని దొరికిందని కాదు. వెనక్కిస్తే ఆయన మాట నిజమైపోతుందని.

"క్రిస్మస్‌కి ఇచ్చేస్తానండి. ఇవ్వకపోతే నా పేరు మాణిక్యం కాదు."

"అయితే ఇంకో పేరు చూసుకో" అని ఆయన జీపెక్కాడు.

ఆ సాయంత్రమే ఆమె కోటుని బల్ల మీద బోర్లా వేసి పాత అస్తరు కుట్లు ఒక్కొక్కటీ విప్పింది. లోపలి గుడ్డ చంకల్లో చెమటకి కుళ్లి, పట్టుకుంటే పొడిలా రాలిపోయింది. తోలు లోపలి వైపు బూజు. దాన్ని కొబ్బరినూనె గుడ్డతో తుడుస్తుంటే ఒక సంగతి అర్థమైంది. తోలులో సూది దిగిన చోట చిల్లు మళ్లీ పూడదు. కొత్తగా మిషను మీద వేస్తే అంచంతా జల్లెడైపోతుంది. పాత చిల్లుల్లోంచే చేత్తో కుట్టాలి. అది ఓపిక పని, చెయ్యగలదు. అసలు చిక్కు గుడ్డ దగ్గర వచ్చింది.

అమలాపురం వెళ్లి నాలుగు బట్టల షాపులు తిరిగింది. పాప్లిను చూపించారు. అందులోకి చెయ్యి దూరిస్తే చొక్కా చేతుల్ని పట్టుకుని మోచేతి దాకా లాగేస్తుంది. లంగాల శాటిను చూపించారు. నీళ్లతో తడిపి రుద్దితే వేలికి రంగు అంటింది. "ఇది వేస్తే ఆయన చొక్కాకి నేను అద్దకం వేసినట్టుంటదండి" అని విసిరేసింది. ఆఖరి షాపులో ఒక గుమస్తా, శవపెట్టెలకి వేసే తెల్ల శాటిను ఉందన్నాడు. ఆమె అతన్ని అన్న మాటలకి షాపు యజమాని గల్లాపెట్టె వదిలి లేచి రావలసి వచ్చింది.

ఆమెకి కావలసిన గుడ్డ చివరికి ఒక వారపత్రిక ప్రకటనలో కనిపించింది. ఢిల్లీలో శీతల్‌కిరణ్ అని ఒక కంపెనీ. కోట్లకి లైనింగు గుడ్డలు పోస్టులో పంపుతారట, సాంపిళ్లు ఉచితమట. ఆ పత్రిక వీధి చివర ఉండే సుగుణమ్మది. సుగుణమ్మ ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు పంతులమ్మ. హాస్టలు రోజుల్నుంచీ మాణిక్యానికి ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు. ఉత్తరం ఆవిడే రాసిపెట్టింది. రెండు వారాలకి అట్టకి అతికించిన సాంపిలు ముక్కలు వచ్చాయి. గోధుమరంగు ట్విల్లు ఒకటి ఉంది, వేళ్ల మధ్య నలిపితే నలగదు, తడిపితే రంగు దిగదు. మాణిక్యం దాన్ని రెండు రోజులు జాకెట్లో దోపుకు తిరిగి, చెమటకి కూడా పరీక్ష పెట్టింది. తరవాత నాలుగు గజాలకి ఆర్డరు పంపింది.

పార్సిలు వీపీలో వచ్చింది. అంటే డబ్బు పోస్ట్‌మాన్ చేతిలో పెట్టాకే విప్పాలి. పోస్ట్‌మాన్ నూకయ్య అంతర్వేది వైపు మనిషి, సైకిలు దిగకుండా గడప మీద కాలు ఆనించి మాట్లాడే అలవాటు. అతని ముందే విప్పింది. లోపల ట్విల్లు లేదు. గంజి కంపు కొట్టే పల్చటి గుడ్డ, అదీ మూడు ముక్కలు కలిపి కుట్టినది.

ఆమె ఆ గుడ్డని చంకన పెట్టుకుని చరచరా సుగుణమ్మ ఇంటికి నడిచింది.

"రాయండి. ఒరే దొంగ సచ్చినోడా..."

"అలా రాయకూడదు మాణిక్యం. ముందు 'డియర్ సర్' అని రాయాలి."

"డియర్ అంటే ప్రియమైన అనే కదండీ! ఆడు నాకు ప్రియమెందుకవుతాడు?"

సుగుణమ్మ నెమ్మదిగా రాసి, తెలుగులో చదివి వినిపించింది. "'మీరు పంపిన గుడ్డ మేము కోరినదానికి కొంచెం భిన్నంగా ఉన్నట్టు తోస్తున్నది.'"

"కొంచెమా?" అంది మాణిక్యం.

జవాబుగా అచ్చువేసిన కార్డు వచ్చింది. సాంపిలుకీ సరుకుకీ స్వల్ప తేడాలు సహజం, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. రెండో ఉత్తరం వెళ్లింది. ఈసారి టైపు చేసిన జవాబు వచ్చింది. అందులో ఒక వాక్యం దగ్గర సుగుణమ్మ ఆగిపోయింది. చదవమని మాణిక్యం పట్టుబట్టింది.

"'పల్లెటూరి ఖాతాదారులకు మేలైన గుడ్డను గుర్తించే అనుభవం ఉండదు' అని రాసేడు."

మాణిక్యం ఆ కాగితం అందుకుని నాలుగు మడతలు పెట్టింది. ఒక్క తిట్టు కూడా తిట్టకపోవడం చూసి సుగుణమ్మకి భయం వేసింది.

ఈలోగా క్రిస్మస్ వెళ్లిపోయింది. నరసింహమూర్తి జీపు ఆ దారిన వెళ్లినప్పుడల్లా హారను రెండుసార్లు మోగేది. "ఏమ్మా, పేరు మార్చేవా?" అని కేకేసి పోయేవాడు. బజారు దర్జీలు ఆ మాట పట్టుకుని నవ్వుకున్నారు.

జనవరిలో ఒకరోజు ఆమె నూకయ్యని నిలదీసింది. "విప్పకుండా లోపలేముందో ఎలా తెలుస్తదయ్యా?"

"వీపీ అంటే అదేనండి. వద్దనుకుంటే ముందే వద్దనేయాలి. అప్పుడు పార్సిలు ఎనక్కి పోద్ది, పంపిన ఖర్చంతా ఆడి నెత్తినే."

ఆ మాట ఆమె మనసులో పడింది. పది రోజుల్లో మంగలి షాపునుంచీ, లైబ్రరీ నుంచీ, బంధువుల ఇళ్లనుంచీ పాత పత్రికలు పోగుచేసి, ఆ కంపెనీ ఆర్డరు కూపన్లు పదిహేడు కత్తిరించింది. చర్చి స్త్రీల సమాజంలో పదిహేడుమంది పేర్లు వాటి మీద వేయించాలి. పార్సిళ్లు వచ్చాక ఒక్కరు కూడా తీసుకోకూడదు. పేర్లు ఇంగ్లీషులో నింపమని సుగుణమ్మని అడిగింది.

"తీసుకునే ఉద్దేశం లేకుండా తెప్పించడం అబద్ధం కాదా?" అంది సుగుణమ్మ.

"ఆడు చేసిందేంటండి మరి?"

"ఆడు చేసింది ఆడిది. నువ్వు చేసేది నీది. నేను రాయను."

"మీరు మొదట్లోనే గట్టిగా రాసుంటే ఇంత దాకా వచ్చేది కాదు. మీ మెతకదనం వల్లే ఆడికి నేను లోకువైపోయేను. మీకు చదువుంది గాని రోషం లేదండి."

సుగుణమ్మ కలం మూసి, లేచి తలుపు తీసి పట్టుకుంది. మాణిక్యం బయటికి నడిచింది. కూపన్లు తెలుగులోనే నింపించి, ఊరి పేరు మాత్రం తనకొచ్చిన కార్డు మీది చిరునామా చూసి ఇంగ్లీషులో దించింది.

ఫిబ్రవరిలో పార్సిళ్లు వచ్చాయి, పైన ఆ తెలుగు కూపన్లే అతికించి. పక్క ఊళ్లు శివకోడుకి ఒకటి, పొన్నమండకి రెండు, మిగతావి ఊళ్లో తలో మూలకీ. నూకయ్య వాటిని సైకిలుకి కట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. ఒక్క గడపలో తప్ప అన్నిచోట్లా "వద్దండి" అన్నారు. వద్దన్నవన్నీ మళ్లీ కట్టుకుని పోస్టాఫీసుకి తెచ్చాడు. అక్కడ పోస్టుమాస్టరు అతని మీదే కేకలేశాడు. మర్నాడు నూకయ్య లాకుల దగ్గరికి వచ్చాడు. ఆ రోజు సైకిలు దిగాడు.

"ఆ ఉపాయం నేనే చెప్పేనండి. నా చేతే తొక్కించేరు. ఆ ఢిల్లీవోడికి నేనేమన్నా చుట్టాన్నా అండి?"

"తిరగడానికే కదా నూకయ్యా నీకు జీతం ఇస్తున్నారు?"

ఆ మాట నోరు దాటగానే, ఇలాంటి మాట తనతో నరసింహమూర్తి అని ఉండేవాడని ఆమెకి తోచింది. అయినా వెనక్కి తీసుకోలేదు. నూకయ్య సైకిలు తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆనాటినుంచీ ఆమె ఉత్తరాలు ఇంటికి తేవడం మానేశాడు. లాకుల దగ్గర పేతురు చేతిలో పెట్టిపోయేవాడు.

పదిహేడింట్లో పదహారు వెనక్కి వెళ్లాయి. పదిహేడోది సువార్తమ్మ డబ్బిచ్చి తీసేసుకుంది. సువార్తమ్మ మాణిక్యానికి పిన్నికూతురు. ఆదివారం చర్చి అయ్యాక గుడ్డ పట్టుకుని నేరుగా ఇంటికే వచ్చింది.

"తిప్పి పంపడానికి మనసొప్పలేదక్కా. ఇదిగో చూడు. నువ్వు చెప్పిన గుడ్డే."

నిజంగానే ఆ గోధుమరంగు ట్విల్లే. సాంపిలు ముక్క ఎలా ఉందో అలా, అతుకు లేని నాలుగు గజాలు. మాణిక్యం వేళ్ల మధ్య నలిపింది. నలగలేదు.

"నేనిచ్చిన డబ్బు నాకిచ్చేసి గుడ్డ నువ్వే ఉంచుకో. కోటు పూర్తయిపోద్ది కదా" అంది సువార్తమ్మ.

గుమ్మంలో నిలబడ్డ పేతురు కూడా నోరు విప్పాడు. "తీసుకోవే. గొడవొదిలిపోద్ది."

మాణిక్యం గుడ్డని మడత చెడకుండా మడిచి సువార్తమ్మ ఒళ్లో పెట్టింది. "ఆ కంపెనీ గుడ్డ నా ఇంట్లో సూదికి తగలదు. వద్దనమంటే తీసుకున్నావు. నువ్వు కూడా ఇంక నా గడప తొక్కకు."

సువార్తమ్మ ఏడుస్తూ వెళ్లింది. ఆ మధ్యాహ్నం పేతురు అన్నం తినలేదు. మాణిక్యం తిని, ఆయన కంచం మీద మూత పెట్టింది.

ఆ మర్నాడే ఆమె బజార్లో గొడుగులు బాగుచేసే సూరయ్య దగ్గరికి వెళ్లి నల్ల నైలాను గుడ్డ తానులోంచి కొంత కత్తిరించమంది. తడిపింది, రంగు దిగలేదు. దాని మీద చొక్కా చేతిని జార్చింది, నీళ్లలా జారింది. కోటు చేతులకి అది నిర్ణయించింది. వీపుకీ ఛాతీకీ వెచ్చగా ఉండడానికి బూడిదరంగు ఫ్లానెలు. పాత చిల్లుల్లోంచి, చిల్లు తప్పకుండా, మైనం రాసిన దారంతో తొమ్మిది రోజులు కుట్టింది. మూడు సూదులు విరిగాయి. కుడి అరచేతిలో పొక్కు లేచి చితికితే గుడ్డ చుట్టుకుని కుట్టింది.

నరసింహమూర్తి వచ్చి కోటు తొడుక్కున్నాడు. చేతులు సర్రున దూరాయి. లోపలికి చూసుకుని మొహం చిట్లించాడు.

"గొడుగు గుడ్డ వేసేవా?"

"చెయ్యి జారిందా లేదా చెప్పండి."

"జారింది."

"చంకలో పట్టిందా?"

"లేదు." ఆయన గుండీలు పెట్టుకుని, తీసి, ఇంకేదైనా తప్పు దొరుకుతుందేమో అని అంచులు తడిమాడు. "చలి పోయేక ఇచ్చేవు కదా."

"వచ్చే ఏడు రాదేంటండి చలి? ఇంకో సంగతి. ఈసారి దీనితో వస్తే మాణిక్యం గారూ అనాలి. లేకపోతే బజారు దర్జీల దగ్గరికే వెళ్లండి."

ఆయన కూలి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. గారు అనలేదు. కాని హారను కొట్టడం మానేశాడు.

ఆ కోటు చూసి తాటిపాకనుంచి ఉత్తరాది వాళ్లు తమ కోట్లు తెచ్చారు. మరుసటి చలికాలానికి ఆమె దగ్గర ఆరు కోట్లు వేలాడుతున్నాయి. సుగుణమ్మ మాత్రం చర్చిలో ఆమె పక్కన కూర్చోవడం మానేసింది. బదిలీ అయిన ఒక ఆఫీసరు అస్సాం నుంచి మాణిక్యానికి ఇంగ్లీషులో ఉత్తరం రాశాడు. అది మూడు వారాలు చదవకుండా మిషను సొరుగులో పడి ఉంది. వీధి చివరకి నడిస్తే రెండు నిమిషాల పని. ఆమె నడవలేదు. అమలాపురం వెళ్లి మొదటి తరగతి ఇంగ్లీషు వాచకం కొనుక్కుంది. అప్పటికి ఆమెకి నలభై రెండేళ్లు. పొద్దున్నే లాకుల గట్టు మీద కూర్చుని, పెదాలు కదుపుతూ చదివేది. ఆమె వాచకంతో కూడా దెబ్బలాడుతోందని పేతురు అనేవాడు.

రెండేళ్లకి సొంతంగా మొదటి ఉత్తరం రాసింది. ఢిల్లీకే. 'మీ గుడ్డ మంచిది కాదు. మీరు మంచివాళ్లు కాదు. నేను మరిచిపోలేదు.' మూడు వాక్యాలకి ఒక పూట పట్టింది.

దానికి జవాబుగా, గౌరవనీయ ఖాతాదారు అంటూ ఆమె పేరుతో కొత్త క్యాటలాగు వచ్చింది. మాణిక్యం దాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. చదివి, తెల్ల కాగితం తీసి రెండో ఉత్తరం మొదలుపెట్టింది.