ఊయలలో గంటల తాత

ముప్పై ఏళ్లు బడిలో గంట కొట్టిన మనిషికి సెలవంటే ఏం తెలుస్తుంది? రిటైరయ్యాక కూతురు పట్టుబట్టి అమ్మానాన్నలను నెల రోజులకు ఒక దీవికి పంపింది. కొబ్బరిచెట్ల మధ్య ఊయల, ఎదురుగా సముద్రం. అయినా చేతికి గడియారమైనా లేని గంటల తాత నలభై అయిదు నిమిషాలకోసారి ఉలిక్కిపడి లేచి నిలబడేవాడు.

"ఇప్పుడేం కొంప మునిగిందని?" అని భార్య విసుక్కునేది.

పన్నెండో రోజు పొద్దున్నే ఊయలెక్కినవాడు పొద్దువాలాక గానీ కళ్లు తెరవలేదు. పక్కనే భార్య తువ్వాలుతో ఈగలు తోలుతోంది.

"ఎన్నో పీరియడ్?" కంగారుగా అడిగాడు.

దిగిపోతున్న సూర్యుడు ఆయనకు కనబడకుండా ఆమె కాస్త అడ్డంగా జరిగి కూర్చుంది.

"ఇంకా మొదటిదే. పడుకోండి."