ఏడుపు వినపడగానే లేచే మనిషి

మా ఆయమ్మ పోయిందని పోయిన సోమవారం పొద్దున, పాపను స్కూలు ఆటో ఎక్కిస్తుండగా తెలిసింది. ఫోన్ చేసింది ఆమె చెల్లెలు; ఆదివారం సెలవని ఆయమ్మ వాళ్లింటికి వెళ్లింది. "అక్క పోయింది మేడమ్. పండుకున్నది పండుకున్నట్టే ఉన్నది" అని, "పరకాలకు వస్తరా?" అని అడిగింది. వస్తానన్నాను.

ఆమె నాకు చుట్టం కాదు. హన్మకొండలో నేను జూనియర్ అసిస్టెంటుగా పనిచేసే ప్రభుత్వ కార్యాలయంలో, ఉద్యోగుల పిల్లల కోసం పెట్టిన సంరక్షణ కేంద్రంలో ఆయమ్మ. అంతకుముందు ఏళ్ల తరబడి అదే ఆఫీసులో ఊడ్చింది, చాయ్ అందించింది. నా కూతురు ఇవాళ ఆటోలోంచి చెయ్యి ఊపుతోందంటే అది ఆమె వల్లనే.

నాలుగేళ్ల కిందటి మాట. ప్రసూతి సెలవు అయిపోయింది. పాపకు ఎనిమిది నెలలు. మా అత్తమ్మకు మోకాళ్లు పనిచెయ్యవు, మా ఆయన ఉద్యోగం డోర్నకల్ రైల్వేలో. నెల రోజులు పాపను ఆఫీసుకే తెచ్చి, నా టేబుల్ కింద బొంత పరిచి పడుకోబెట్టాను. ఫైళ్ల దుమ్ముకు దగ్గు పట్టుకుంది. రాజీనామా కాగితం రాసుకుని సంచిలో పెట్టుకు తిరిగేదాన్ని. చివరికి నాలాంటి తల్లులం ఐదుగురం కలిసి పెద్ద సారుకు అర్జీ పెట్టాం. ఆయన ఒప్పుకున్నాడు. కానీ ఇచ్చింది వెనకవైపు పాత రికార్డు గది.

ఆ గది సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. భోజనాల వేళ అంతా సద్దుమణిగాక, తాళం వేసిన ఆ తలుపు వెనక నుంచి పసిపిల్ల ఏడుపు వినపడేది. నేనూ రెండుసార్లు విన్నాను. పిల్లి అనుకుందామంటే పిల్లి కాదు. ఆకలి ఏడుపు వేరు, నొప్పి ఏడుపు వేరు. అది ఏడ్చి ఏడ్చి అలసిన పిల్ల, ఇక ఎవరూ రారని తెలిశాక తీసే సన్నటి రాగం.

"ఆ గదిల నా కొడుకును పండవెడతనా?" అని మా సెక్షన్ టైపిస్టు వెనక్కి తగ్గింది. మిగతావాళ్లూ తలలు దించుకున్నారు. వరండా ఊడుస్తున్న ఆయమ్మ చీపురు పట్టుకునే నడుం ఎత్తి మా వైపు చూసింది.

"ఏడ్పు వినొస్తే భయమెందుకు మేడమ్? ఎత్తుకునేటోళ్లు లేకనే ఏడుస్తాంది. నేను కూసుంట లోపల."

తాళం తీయించి, గది కడిగి, మూడు రోజులు పగలంతా ఒక్కతే తలుపు వేసుకుని కూర్చుంది. అటు వెళ్లినప్పుడల్లా ఆమె గొంతు మెల్లగా వినపడేది, ఎవరికో బువ్వ తినిపిస్తూ కబుర్లు చెబుతున్నట్టు. నాలుగో రోజు తలుపు తెరిచి, "ఇగ తీస్కరాండ్రి" అంది.

"ఇన్ని రోజులు ఏం చేసినవ్ ఆయమ్మా?" అని అడిగాను.

"జర అలవాటు చేసిన బిడ్డా" అంది. ఎవరికి ఎవరిని అలవాటు చేసిందో నేను అడగలేదు.

ఒక్కొక్కరమే పిల్లల్ని తెచ్చాం. సంచిలోని కాగితం చింపేశాను. పిల్లను ముట్టుకునే ముందు ఆమె రెండు అరచేతులూ రుద్ది వెచ్చజేసుకునేది. ఎంత పెద్ద పనిలో ఉన్నా ఏడుపు వినపడగానే లేచిపోయేది. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఏదో అడుగుతుంటే మాట మధ్యలోనే ఆయన్ని వదిలేసి పోయింది. నేను మందలిస్తే, "చాయ్ సల్లారితే మళ్ల కాగవెట్టొచ్చు బిడ్డా. పిల్ల ఏడ్పును మళ్ల తేగలమా?" అంది. అక్కడ చాయ్ మాట ఎందుకొచ్చిందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

పిల్లలు ఐదుగురైనా జోల పాటలో ఆమె ఆరు పేర్లు పాడేది. అప్పుడప్పుడు ఎవరో ఒక పిల్ల బిస్కెట్ ముక్క తుంచి, కిటికీ పక్క మూలకు చెయ్యి చాపి, చాలాసేపు అలాగే పట్టుకునేది. నేను ఆ పిల్లను ఇవతలికి లాగబోయేదాన్ని. ఆయమ్మ మాత్రం, "పెట్టనీయి, ఫికర్ చెయ్యకు" అనేది.

ఆ మరుసటి వానాకాలం, పాపకు నడక వచ్చిన కొత్త. ఒక మధ్యాహ్నం ఆయమ్మ ముందు వరండాలో ఒక పిల్లవాడికి ఒళ్లు కడుగుతోంది. మిగతా పిల్లలు నిద్రలో ఉన్నారు. నేను నా సీట్లో ఉండగా ఆ ఏడుపు వినపడింది. ఎన్నడూ లేనంత గట్టిగా, గొంతు చిరిగిపోయేటట్టు. లేచి పరుగెత్తాను. నాకంటే ముందే చంకలో తడి పిల్లవాడితో ఆయమ్మ గది దాటి వెనక తలుపు వైపు పరుగెత్తుతోంది. వానకు ఉబ్బిన ఆ తలుపు గడియ సరిగా పడలేదు.

వెనక పాత నీళ్ల సంపు, దాని మీద తుప్పు పట్టిన రేకు. ఆ రేకు మీద నా కూతురు నిలబడి ఉంది. రేకు ఒక పక్కకు ఒరుగుతోంది. ఆయమ్మ ఒంటిచేత్తో గౌను పట్టి లాగేసింది. రేకు సంపులో పడి మునిగిపోయింది.

పాపను ఒళ్లంతా తడిమి చూశాను. కళ్లల్లో చుక్క నీరు లేదు. నవ్వుతోంది. తడి పిల్లవాడు గుడ్లప్పగించి చూస్తున్నాడే తప్ప కిక్కురుమనలేదు. లోపల ముగ్గురూ నిద్రలోనే ఉన్నారు. ఆ ఏడుపు ఆగిపోయింది.

"ఎవరు ఏడ్చిన్రు ఆయమ్మా?" అన్నాను.

ఆమె గడప మీద కూలబడింది. "నా బిడ్డ" అంది.

అప్పుడు చెప్పింది. వయసులో ఉన్నప్పుడు, కూలి మీద ఆఫీసు ఊడ్చే రోజుల్లో, మూడేళ్ల కూతురిని వెంట తెచ్చుకునేదట. ఎటూ పోకుండా ఆ గదిలోనే కిటికీ చువ్వకు పాత చీర పేలికతో నడుం కట్టి పనికి పోయేదట.

"ఒకనాడు ఒళ్లు కాలుతాంది. అయినా తెచ్చిన, నాగా పెడితే పని పోతదని. మీది అంతస్తుల మీటింగ్ నడుస్తాంది. ఏడ్పు విన్న బిడ్డా. విన్న. చాయ్ ఇచ్చినంక పోదామనుకున్న. ఇచ్చి వచ్చేసరికి ఏడ్పు ఆగింది. నిద్రవోయిందనుకున్న. దవాఖానకు ఎత్తుకపోతే పానం లేదన్నరు."

పాపను ఆమె ఒళ్లో పెట్టాను. ఆ వారమే పెద్ద సారుతో పోట్లాడి సంపు పూడ్పించాను, తలుపు మార్పించాను. ఆమె చెప్పింది మాత్రం ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పడం తప్పు కాదనుకుంటున్నాను. ఇవాళ ఆ గదిలో పన్నెండు మంది పిల్లలున్నారు. అది ఒక అర్జీతో వచ్చింది కాదని వాళ్ల తల్లులకు తెలియాలి.

ఈ వారమంతా భోజనాల వేళ ఆ గది దగ్గర నిలబడి విన్నాను. ఏమీ వినపడలేదు.

ఆ సోమవారం నేను పరకాల చేరేసరికి, చెల్లెలి ఇంట్లో మగ్గం పక్కన చాప మీద ఆమెను పడుకోబెట్టి ఉన్నారు. కుడి చెయ్యి చాపి ఉంది. ఎడమ చెయ్యి మాత్రం మోచేతి దగ్గర మడిచి, రొమ్ముకు ఆనించి ఉంది.

"పొద్దున చూసేసరికి గిట్లనే ఉన్నది మేడమ్" అంది చెల్లెలు. "ఎంత సాపినా సాగుతలేదు."

"ఉండనీయుండ్రి" అంది ఒక ముసలామె.

అలాగే కొత్త బట్ట కప్పారు. ఆ మడత మీద బట్ట, కింద చిన్నదేదో పడుకుని ఉన్నట్టు కొంచెం ఎత్తుగా నిలిచింది. పాడె ఎత్తారు. మోసేవాళ్లు సందు చివరి దాకా, నిద్రపోతున్నవాళ్లను లేపకూడదన్నట్టు, మెల్లగా అడుగులు వేశారు.