మూత తియ్యని ఫోటో

నిన్న అలమార సర్దుతుంటే నాన్న పాత కెమెరా దొరికింది. తోలు కవరు విప్పగానే వచ్చిన వాసనకి హెబ్బగోడిలో మేమున్న అద్దె ఇల్లు గుర్తొచ్చింది. ఆ కెమెరాలో మనం కన్ను పెట్టి చూసే కిటికీ వేరు, లెన్స్ వేరు. తొమ్మిదేళ్ల నాకు ఆ సంగతి తెలియదు. నాకు కనపడిందల్లా దానికీ కనపడుతుందనుకున్నాను.

ఒక ఆదివారం పట్టుబట్టి కెమెరా చేతిలోకి తీసుకుని, అమ్మనీ నాన్ననీ అన్ననీ గుమ్మం ముందు నిలబెట్టి ఫోటో తీశాను. ఫిల్ము రోలు కడిగించాక చూస్తే ఆ ఒక్కటే ఖాళీ. లెన్స్ మూత తియ్యకుండానే నొక్కానని నాన్న తేల్చాడు.

"దాని చేతికి ఇయ్యద్దని అప్పుడే చెప్పినా గదా నాన్నా," అన్నాడు అన్న.

"నేను కెమెరా వెనకాల ఉంటి, నాకు కనపడలే. మీరు ముగ్గురూ మూతకి ఎదురుగానే నిలబడినారు గదా, మీకేమైంది?" అన్నాను.

ఆ ఖాళీ ఫిల్మునే ప్రింటు వేయించమని మొండికేశాను. వేయించారు. ఆ నల్లటి కాగితం ఇప్పటికీ ఆల్బంలో ఉంది.

ఆ రోజు ముగ్గురి చూపూ ఎక్కడుందో ఇప్పుడు తెలుసు. కెమెరా ఎక్కడ పడేస్తానోనని నా చేతులనే చూస్తూ నిలబడ్డారు.

నేను పడెయ్యలేదు.