రాకెట్ పోయిందన్న అత్త

పోయిన మంగళవారం పొద్దున తమ్ముడు ఎన్నూరు నుంచి ఫోన్ చేసి, "అక్కా, రేడియో అత్త పోయింది" అన్నాడు. కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుందట. మళ్ళీ లేవలేదట. నేనప్పుడు కోడంబాక్కం బస్సులో ఉన్నాను. దిగాల్సిన స్టాపు దాటిపోయాక గానీ నాకు ఏడుపు రాలేదు.

ఆమె మాకు చుట్టం కాదు, ఎన్నూరులో మా పక్కింటావిడ. మా నాన్న అక్కా అని పిలిచేవాడు కాబట్టి నాకు అత్త. తొంభైల్లో మా వీధి మగవాళ్ళలో సగం మంది చేపల వేటకు పోయేవాళ్ళు, మా నాన్న కూడా. గాలి ఎటు వీస్తోంది, వాన ఉందా లేదా, అన్నీ రేడియోకి చెవి ఆనించి విని, కొంగు దోపుకుని ఇల్లిల్లూ తిరిగి చెప్పడం అత్త తనకు తానే పెట్టుకున్న ఉద్యోగం. వార్తలు చదివే ఆయనతో పోట్లాట కూడా ఉండేది. "గాలి లేదంటాడే వీడు! ఈడకొచ్చి నా చీర యాడికి ఎగిరిపోతాందో చూడమను" అనేది.

శ్రీహరికోటలో రాకెట్ వదిలే రోజు, ముక్కలు రాలి పడతాయని, ఉత్తరం వైపు పడవలు పోకూడదు. ఆ కబురు కూడా మా వీధికి అత్త నోటి నుంచే వచ్చేది. "రాకెట్ పోయింది" అని ఆమె అంటేనే వలలు మళ్ళీ పడవలెక్కేవి. పెద్దయ్యాక నేను చూసిన అత్త మాత్రం, విననిది విన్నానని ఒక్కసారీ అనలేదు. "నాకు తెలీదు పాపా, కనుక్కుని చెప్తా" అనేది. అలా అనడం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు.

నాకప్పుడు పదకొండేళ్ళు. అమ్మ కాన్పుకని నెల్లూరు దగ్గర పుట్టింటికి పోయింది. ఇంట్లో నేనూ నాన్నా. ఆ రోజు రాకెట్ ఉందని వీధంతా పని మానేసి మిద్దెలెక్కాం. ఆకాశం నిండా మబ్బు. పదిన్నర దాటాక ఎక్కడో పెద్ద హోరు వినిపించింది, వంటింట్లో గిన్నెలు అదిరాయి. "అదిగో, పోయింది! మబ్బులో కనపడలా, అంతే" అంది అత్త. అందరం నమ్మాం. మర్నాడు తెల్లవారుజామునే నాన్న నలుగురితో కలిసి ఉత్తరాన పులికాట్ వైపు వేటకు పోయాడు.

తొమ్మిది గంటలకు అత్త మా గడపలోకి వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పాపా, నేను తప్పు చేసినా. నిన్న రేడియోలో బ్యాటరీలు అయిపోయినాయి. వినలేదని చెప్పేదానికి నామోషీ అయింది. ఆ సద్దు రాకెట్టుది కాదు, మన థర్మల్ కరెంటు ఫ్యాక్టరీలో ఆవిరి వదిలినారు. కొత్త బ్యాటరీలు ఏసి వింటే ఇప్పుడే వార్తల్లో చెప్పినారు. నిన్న రాకెట్ ఆపేసినారంట, వదిలేది ఈ పొద్దే."

"మరి నాన్న?" అన్నాను. అత్త నన్ను లాక్కుని రేవుకు పరిగెత్తింది. వెళ్ళి పిలుచుకురావడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆ వేళప్పుడు అటు పడవ తీయడం చావును పిలవడమేనన్నారు. ఇక చేసేదేమీ లేక రేవు పక్క మిద్దె ఎక్కాం.

ఆ రోజు మబ్బు లేదు. ఉత్తరాన నేల అంచున ఒక వెలుగు లేచింది. దాని కింద తెల్లటి పొగ పెరుగుతూ పోయింది. చుట్టూ జనం ఈలలు వేస్తున్నారు, చప్పట్లు కొడుతున్నారు. అది కాస్త కాస్తగా సముద్రం వైపు వంగింది, మా నాన్న ఉన్న వైపు. నేను కళ్ళు గట్టిగా మూసేసుకున్నాను. చాలాసేపటికి ఆ ఉరుము మా దాకా వచ్చింది, మిద్దె గోడ నా వీపు వెనక వణికింది. అత్త నా మణికట్టు వదల్లేదు.

"నాకు చూపు ఆనదు పాపా. ఏదీ రాలలేదు గదా? నువ్వు చూసినావు గదా?"

"చూసినాను అత్తా. ఏదీ రాలలేదు" అన్నాను. అంత పెద్ద అబద్ధం నేను మళ్ళీ ఆడలేదు.

ఒడ్డున ఎండలో కూర్చున్నాం. ఎవరో ఇడ్లీ తెస్తే అత్త నాకు తినిపించింది, తను ముట్టలేదు. "బయంగా ఉంటే ఉందని చెప్పు. నాకూ ఉండాది. ఇద్దరం కలిసి బయపడదాం" అంది. ధైర్యం చెప్పినవాళ్ళు నా బతుకులో చాలామందే ఉన్నారు. నాతో కూర్చుని భయపడింది ఆమె ఒక్కతే. అందుకు ఈ రోజుకీ ఆమెకు రుణపడి ఉన్నాను.

మూడు దాటాక పడవ కనిపించింది. అందులో తలలు లెక్కపెట్టాను. ఐదు. నేను ఒడ్డునే కూలబడి ఏడ్చాను. సముద్రంలో కాలు పెట్టడమంటేనే హడలిపోయే అత్త నడుం లోతు నీళ్ళలోకి పోయి పడవ అంచు పట్టుకుంది.

"నేనే తమ్ముడా, నేనే వినకుండా చెప్పినా" అంటోంది.

"సరి సరి, వచ్చేసినాం గదక్కా. వదులు, అల కొడతాది" అన్నాడు నాన్న.

ఆమె వదల్లేదు. వదలడం ఆమె చేతుల్లో లేదని అప్పటికి నాన్నకు అర్థమైంది. నీళ్ళలోకి దిగి, పడవ చెక్క మీద బిగుసుకుపోయిన ఆమె వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీశాడు.